దూరపు చదువరి కోసం: పరిశోధన పత్రానికి రూపం వచ్చిన కథ

1911లో బెంగళూరు సెంట్రల్ కాలేజీ గణిత ఆచార్యుడు ఎం.టి. నారాయణ అయ్యంగార్‌కు మద్రాసు నుంచి ఒక చేతిరాత ప్రతి అందింది. ఇండియన్ మాథమెటికల్ సొసైటీ జర్నల్‌కు అప్పుడు ఆయన సంపాదకుడు. రాసిన యువకుడికి ఇరవై మూడేళ్ళు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు నెలకు 25 రూపాయలు పంపిస్తుంటే మద్రాసులో రోజులు గడుపుతున్నాడు. బెర్నూలీ సంఖ్యల మీద అతను రాసిన వ్యాసంలో సరుకుందని అయ్యంగార్‌కు అర్థమవుతూనే ఉంది, అయినా అచ్చుకు ఇవ్వలేకపోయాడు. ఒక మెట్టు మీద నిలబడి నాలుగో మెట్టుకు గెంతే ఆ రాత మామూలు గణితజ్ఞులకు అందేది కాదు. సూచనలు రాసి తిప్పి పంపాడు. సవరించిన ప్రతి వస్తే మళ్ళీ పంపాడు. అలా మూడుసార్లు తిరిగాక శ్రీనివాస రామానుజన్ తొలి పరిశోధన పత్రం అచ్చయింది.

రామానుజన్ లెక్కలు చేసేది పలక మీద. కాగితం కొనే స్తోమత లేక పలక మీద రాసి, మోచేత్తో చెరిపి, మళ్ళీ రాసి, చివరికి తేలిన ఫలితాన్ని మాత్రం నోటుబుక్కులో ఎక్కించుకునేవాడు. సంపాదకుడు అడిగింది సరిగ్గా ఆ చెరిగిపోయిన నడిమి మెట్లనే.

జర్నల్‌కు పేపర్ పంపే ప్రతి పరిశోధక విద్యార్థికీ ఇవాళ ఇలాంటి షరతులు బోలెడు ఎదురవుతాయి. సారాంశం ఇన్ని మాటలు దాటకూడదు. పద్ధతి విడిగా, ఫలితాలు విడిగా ఉండాలి. ఉపయుక్త గ్రంథాలు ఫలానా వరుసలో రావాలి. పట్టికకు తలకట్టు పైన, బొమ్మకు వివరణ కింద. ఈ నియమాలన్నీ ఒకేచోట, ఒకే రోజున పుట్టలేదు. ఒకదాని వెనక ఒక తగువు ఉంది, ఇంకోదాని వెనక ఒక అనుమానం, మరోదాని వెనక టైపు మిషను. వీటిలో కొన్ని దూరాన ఉన్న చదువరి కోసం పుట్టినవి, కొన్ని కేవలం అచ్చు యంత్రం వీలు కోసం పుట్టినవి. ఈ తేడా తెలిస్తే ఏ నియమానికి చెమటోడ్చాలో, దేన్ని వదిలించుకోవాలో తేలుతుంది.

తాళం వేసిన మాటలు

పదిహేడో శతాబ్దపు యూరప్‌లో కొత్త సంగతి కనిపెట్టినవాడికి రెండు భయాలు. చెప్తే ఎవరైనా ఎత్తుకుపోతారు, చెప్పకపోతే మరొకడు ముందుగా చెప్పేస్తాడు. ఈ రెండింటికీ మధ్యేమార్గంగా వాళ్ళు కనిపెట్టింది అక్షరాల గారడీ. చెప్పదలుచుకున్న వాక్యంలోని అక్షరాలను కలగాపులగం చేసి ప్రకటించేవారు. తరవాత ఎవరైనా అదే కనిపెడితే అక్షరాలను సర్ది చూపించి, ముందు తానేనని రుజువు చేసుకోవచ్చు.

1610లో గెలీలియో శని గ్రహం గురించి తాను చూసినదాన్ని ఇలాగే గుప్తంగా కెప్లర్‌కు అందేలా పంపాడు. కెప్లర్ అక్షరాలతో కుస్తీ పట్టి, అంగారకుడికి రెండు చందమామలున్నాయని అందులో ఉన్నట్టు విప్పుకున్నాడు. గెలీలియో చెప్పింది అది కానే కాదు. 1676లో రాబర్ట్ హుక్ స్ప్రింగుల సూత్రాన్ని అకారాది క్రమంలో పేర్చిన లాటిన్ అక్షరాలుగా అచ్చువేసి, రెండేళ్ళు ఆగి 1678లో గుట్టు విప్పాడు. సాగదీత ఎంతో బలమూ అంత అన్న ఆ సూత్రాన్ని ఇప్పుడు ఇంటర్మీడియట్ పిల్లలందరూ చదువుతారు. ఆ రెండేళ్ళూ మాత్రం అది ఎవరికీ పనికిరాలేదు.

ఈ అలవాటును మాన్పించడానికి పూనుకున్నవాడు హెన్రీ ఓల్డెన్‌బర్గ్. జర్మనీలోని బ్రెమెన్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డాడు. అక్కడి శాస్త్రజ్ఞుల సంఘమైన రాయల్ సొసైటీ కార్యదర్శిగా యూరప్ నలుమూలలకూ ఉత్తరాలు నడిపాడు. విదేశీ ఉత్తరాలు అధికారుల కళ్ళలో పడకుండా తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి 'గ్రుబెండాల్' అనే చిరునామాకు తెప్పించుకునేవాడు. 1665 జనవరిలో ప్యారిస్‌లో డెనీ ద సాలో విద్వాంసుల పత్రిక మొదలుపెట్టాడు. రెండు నెలలకు, మార్చి 6న, ఓల్డెన్‌బర్గ్ సొంత పూచీ మీద 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' తెచ్చాడు. తొలి సంచిక పదహారు పేజీలు. ఆ ఏడే లండన్‌లో ప్లేగు వస్తే కొన్ని సంచికలను ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చువేయించాల్సి వచ్చింది. 1667లో గూఢచారి అనే అనుమానంతో ఆయన్ను లండన్ టవర్‌లో ఖైదు చేశారు. బయటికి వచ్చి మళ్ళీ పత్రిక పనిలోనే పడ్డాడు. ఆ పత్రిక ఇప్పటికీ వెలువడుతోంది.

ఓల్డెన్‌బర్గ్ చేసిన ఏర్పాటు తేలికైనది. ఉత్తరం పంపితే అందిన తేదీ నమోదవుతుంది, త్వరగా అచ్చవుతుంది. ముందు ఎవరన్న తగువు అక్కడితో తీరుతుంది. 1672 ఫిబ్రవరి 6న న్యూటన్ కాంతి, రంగుల మీద ఉత్తరం రాస్తే అదే నెలలో అచ్చులోకి వచ్చింది. ఇవాళ ప్రతి పేపర్ మొదటి పేజీలో చిన్న అక్షరాల్లో కనబడే 'అందిన తేదీ, ఆమోదించిన తేదీ' ఆ ఏర్పాటుకే కొనసాగింపు.

ఆ తేదీ విలువ ఎంతటిదో మన దేశంలోనే చూడొచ్చు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ కొత్త వికిరణాన్ని గుర్తించాడు. మార్చి 16న బెంగళూరులో దాని మీద ఉపన్యసించాడు. ఆ ఉపన్యాసాన్ని తానే 1926లో మొదలుపెట్టిన 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్'లో ఆ నెలలోనే అచ్చువేయించి, ప్రతులను విదేశీ శాస్త్రవేత్తలకు పోస్టు చేయించాడు. అదే సంగతిని మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ కూడా ఫిబ్రవరిలోనే గమనించారు. వాళ్ళ పత్రం జర్మన్ పత్రికలో వచ్చేసరికి జులై అయింది. 1930 నోబెల్ బహుమతి రామన్ ఒక్కడికే దక్కింది.

చూడనివాడికి చూపించడం

తేదీతో ముందెవరో తేలుతుంది. చెప్పింది నిజమో కాదో తేలేదెలా? దీనికి రాబర్ట్ బాయిల్ ఒక దారి చూపాడు. 1660లో గాలి పంపుతో చేసిన ప్రయోగాల పుస్తకంలో ఆయన పరికరం కొలతలు, బొమ్మలు, చేసిన క్రమం, ఎదురైన చిక్కులు, ఫలించని ప్రయత్నాలు కూడా సాగదీసి రాశాడు. ఆ పంపులు చాలా ఖరీదు, యూరప్ మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. ప్రయోగశాలకు రాలేనివాడికి అక్కడే నిలబడి చూసినంత నమ్మకం కలగాలన్నది బాయిల్ పట్టుదల. పరిశోధన పత్రంలోని 'పద్ధతి' భాగానికి వేళ్ళు అక్కడున్నాయి.

ఆ పద్ధతి పాటించనివాడికి ఎంత తిప్పలో లీవెన్‌హుక్ కథ చెబుతుంది. హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి ఆయన. లాటిన్ రాదు, తనకొచ్చిన డచ్చిలోనే ఉత్తరాలు రాసేవాడు. ఓల్డెన్‌బర్గ్ వాటిని ఇంగ్లీషులోకి దింపుకునేవాడు. 1676 అక్టోబరులో రాసిన పొడుగాటి ఉత్తరంలో, మిరియాలు నానబెట్టిన నీళ్ళలో కంటికి కనబడని జీవాలు లెక్కకు మించి కదులుతున్నాయన్నాడు. తన భూతద్దాలు ఎలా తయారుచేస్తాడో మాత్రం చెప్పలేదు. ఆ రహస్యం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. లండన్‌లో చాలామందికి నమ్మకం కుదరలేదు. చివరికి ఆయన మతగురువులతో సహా ఎనిమిది మంది పెద్దమనుషులను పిలిచి, అద్దంలోంచి చూపించి, చూశామని రాయించుకుని ఆ సాక్ష్యాలు పంపాడు. అప్పటికీ తీరలేదు. 1677 నవంబరులో హుక్ తానే మిరియాల నీళ్ళు తయారుచేసి సొసైటీ సభ్యులకు ఆ జీవాలను చూపించాకే అనుమానం విడిపోయింది. ఎనిమిది మంది ప్రముఖుల సంతకాలు తేల్చలేని విషయాన్ని, మరోచోట మరొకరు తిరిగి చేసిన ప్రయోగం తేల్చింది.

ఈ సంగతిని తెలుగువాడొకడు రాసిన పత్రంలో ఇంకా దగ్గరగా చూడవచ్చు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ఒక పత్రం వేశాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. ముందుగా మాంసకృత్తులు తీసేసిన ద్రవానికి ఆమ్లం, మాలిబ్డేటు కలపాలి. తరవాత అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేరిస్తే నీలిరంగు వస్తుంది. పాళ్ళు తెలిసిన నమూనా పక్కన పెట్టి ఏది ఎంత ముదురుగా ఉందో పోల్చి లెక్కకట్టాలి. ఏ ద్రావణం ఎంత గాఢత, ఏది ముందు, ఏది తరవాత, ఎక్కడ పొరపాటు జరిగే వీలుంది అన్నీ అందులో ఉన్నాయి. సుబ్బారావు ఎవరో తెలియని ఊళ్ళో, ఆయన్ను ఎన్నడూ చూడని టెక్నీషియను ఆ పేజీలు ఎదురుగా పెట్టుకుని అదే నీలిరంగు తెప్పించగలిగాడు. ఆ ధీమాతోనే అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ పాకి, ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువమంది ఉదహరించిన పత్రాల్లో ఒకటయింది. కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తరవాత ఏటీపీని ఆయన పట్టుకున్నదీ ఈ కొలమానం చేతిలో ఉండబట్టే.

వాకిట్లో కాపలా

ఓల్డెన్‌బర్గ్ మొదలుపెట్టిన పత్రిక పెరిగేకొద్దీ అందులో చేరే చెత్త కూడా పెరిగింది. విమర్శలు ముదిరాక 1752లో రాయల్ సొసైటీ ట్రాన్సాక్షన్స్‌ను తన చేతిలోకి తీసుకుని, ఏది అచ్చువేయాలో తేల్చడానికి పత్రాల కమిటీ పెట్టింది. కమిటీ రహస్యంగా ఓటు వేసేది, కారణాలు చెప్పేది కాదు. రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాలన్న ఆలోచన 1831లో విలియం హ్యూవెల్‌కు వచ్చింది. మరుసటి ఏడు జార్జ్ ఎయిరీ ఖగోళ పత్రాన్ని ఆయన, జాన్ లబ్బాక్ కలిసి పరిశీలించారు. మొదటి అడుగులోనే ఇద్దరికీ పొసగలేదు. పత్రం గొప్పతనాన్ని లోకానికి చాటాలని హ్యూవెల్, లెక్కల్లోని లోటుపాట్లు పట్టుకోవాలని లబ్బాక్. రివ్యూవర్ పని మెచ్చుకోవడమా, తప్పులు వెతకడమా అన్న ఆ పేచీ ఇప్పటికీ ప్రతి రివ్యూ నివేదికలో వినబడుతుంది.

ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా ఈ వడపోత అన్నిచోట్లా లేదు. 1936లో ఐన్‌స్టీన్ తన సహచరుడు రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలు లేవని తేల్చే పత్రాన్ని అమెరికాలోని 'ఫిజికల్ రివ్యూ'కు పంపాడు. సంపాదకుడు జాన్ టేట్ దాన్ని ఒక నిపుణుడికి చూపించి, పది పేజీల వ్యాఖ్యతో తిప్పి పంపాడు. ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చింది. అచ్చుకు ఇచ్చినదాన్ని అచ్చుకు ముందే వేరేవాళ్ళకు చూపించమని ఎవరన్నారంటూ పత్రాన్ని వెనక్కి తీసేసుకున్నాడు. వ్యాఖ్య రాసినది ప్రిన్స్‌టన్‌లోనే పనిచేసే హెచ్.పి. రాబర్ట్‌సన్ అని చాలా ఏళ్ళ తరవాత చరిత్రకారులు నిర్ధారించారు. తప్పు ఉన్నమాట నిజమే. 1937లో మరో పత్రికలో అచ్చయిన ఆ పత్రంలో తరంగాలు లేవన్న వాదం కనబడదు. ఆయనకు కోపం తెప్పించిన ఆ పది పేజీలు ఎత్తిచూపినది సరిగ్గా ఆ తప్పునే. 'నేచర్' పత్రిక బయటి నిపుణుల పరిశీలనను నియమంగా పెట్టుకున్నది 1973లో.

మన గడ్డ మీద

భారతదేశంలో ఈ ప్రక్రియకు తొలి చిరునామా కలకత్తా. అక్కడి ఏషియాటిక్ సొసైటీ 1788లో 'ఏషియాటిక్ రిసెర్చెస్' మొదటి సంపుటం తెచ్చింది. తెలుగువాళ్ళ చరిత్రకు మరింత దగ్గరైనది పంతొమ్మిదో శతాబ్దం చివర మొదలైన 'ఎపిగ్రాఫియా ఇండికా'. శాసనాన్ని ఎలా ప్రకటించాలో అది ఒక పద్ధతి ఖాయం చేసింది. శాసనం ఎక్కడ దొరికింది, ఏ లిపి, ఏ కాలం అన్న ఉపోద్ఘాతం ముందు. ఆ తరవాత పంక్తి పంక్తికీ అంకె వేసిన మూలపాఠం. చెదిరిన అక్షరం చదరపు బ్రాకెట్లలో, సంపాదకుడు తానుగా పూరించినది నక్షత్రపు గుర్తుతో. దానికి అనువాదం. చివర్న తడి కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది తీసిన ఎస్టాంపేజి బొమ్మ.

బెజవాడ యుద్ధమల్లుడి శాసనాన్ని జయంతి రామయ్య పంతులు ఆ పత్రికలోనే ప్రకటించాడు. నన్నయకు ముందే తెలుగులో మధ్యాక్కర అనే ఛందస్సు నడిచిందనడానికి ఆధారమైన శాసనం అది. చదవడంలో సంపాదకుడు పొరబడ్డాడని ఎవరికైనా అనిపిస్తే బెజవాడ దాకా పోనక్కర్లేదు, ఎస్టాంపేజి ఎదురుగా ఉంటుంది. చూసింది ఎంత, ఊహించింది ఎంత అని విడదీసి చూపే ఆ బ్రాకెట్ల మీదే తెలుగు సాహిత్య చరిత్రలోని ఎన్నో వాదాలు నడిచాయి.

రామానుజన్ తొలి పత్రం వేసిన జర్నల్ మూలాలు కూడా తెలుగు నేల మీదే ఉన్నాయి. 1906 డిసెంబరులో గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్, గణితం మీద మమకారంతో తెలిసినవాళ్ళందరికీ ఉత్తరాలు రాశాడు. విదేశీ జర్నళ్ళు విడివిడిగా కొనలేం కాబట్టి కలిసి తెప్పించుకుని, ఒకరి తరవాత ఒకరు చదువుకుందామన్నాడు. 1907లో సంఘం ఏర్పడింది, రెండేళ్ళకు జర్నల్ వచ్చింది. ముందు చదవడానికి కూడినవాళ్ళు తరవాత రాయడానికి చోటు ఏర్పరచుకున్నారు.

చిన్న పత్రికలో వేసినా పద్ధతిగా రాసిన పత్రం ఎంత దూరం పోతుందో చెప్పడానికి సి.ఆర్. రావు ఉన్నాడు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా చేరిన ఆయన 1945లో 'బులెటిన్ ఆఫ్ ది కలకత్తా మాథమెటికల్ సొసైటీ'లో పదకొండు పేజీల పత్రం వేశాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చూపే క్రామెర్–రావు అసమానత, అంచనాను మెరుగుపరిచే రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం, గణాంకశాస్త్రంలోకి జ్యామితిని తెచ్చిన ఆలోచన, ఈ మూడూ ఆ పదకొండు పేజీల్లోనే ఉన్నాయి. యుద్ధం ముగిసిన ఏడాది, కలకత్తాలోని ఒక సంఘం పత్రికలో అచ్చయినది ప్రపంచానికి అందడానికి సంపుటం, సంవత్సరం, పేజీ అంకెలే ఆధారం. 2023లో నూట రెండేళ్ళ వయసులో ఆయనకు గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమతి ప్రకటించినప్పుడు నిర్ణేతలు ప్రస్తావించింది ఈ పత్రాన్నే.

నాలుగు గదులు

పరిచయం, పద్ధతి, ఫలితాలు, చర్చ. ఇమ్రాడ్ అని పొట్టిగా పిలిచే ఈ నాలుగు గదుల కట్టడం అనాదిగా ఉందనుకుంటారు చాలామంది. నిజానికి వయసు తక్కువే. నాలుగు పెద్ద వైద్య పత్రికలను 1935 నుంచి 1985 దాకా తిరగేసి చూసిన బ్రెజిల్ పరిశోధకులకు ఈ కట్టడం 1940లలో తలెత్తినట్టు, 1970లలో అయిదింట నాలుగు వంతుల పత్రాలను ఆక్రమించినట్టు, 1980లకు వేరే రూపమే లేకుండా పోయినట్టు తేలింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత పరిశోధనలు ఉప్పెనలా వచ్చిపడ్డాయి. ఆద్యంతం చదివే తీరిక ఎవరికీ లేదు. పద్ధతి మాత్రం కావాల్సినవాడు నేరుగా పద్ధతికి, ఫలితం కావాల్సినవాడు ఫలితానికి పోవాలి. 1987లో 'అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్' సారాంశాన్ని కూడా ఉపశీర్షికలుగా విడగొట్టమంది. రోగి ఎదురుగా ఉన్న డాక్టరు అర నిమిషంలో అసలు సంగతి పట్టుకోవాలన్నది అందులోని ఉద్దేశం.

దీని మీద పెద్ద తిరుగుబాటు కూడా వచ్చింది. నోబెల్ గ్రహీత పీటర్ మెడావర్ 1963లో బీబీసీ రేడియోలో, శాస్త్రపత్రం ఒక మోసం కాదా అని సూటిగా అడిగాడు. లెక్కలు, కొలతలు అబద్ధమని ఆయన ఉద్దేశం కాదు. ఆలోచన నడిచిన తీరును పత్రం తలకిందులు చేస్తుందన్నది ఆయన ఆరోపణ. శాస్త్రవేత్త ముందు ఒక ఊహతో బయల్దేరి, దాన్ని పరీక్షిస్తాడు. పత్రంలో మాత్రం ఏ ఊహా లేకుండా తటస్థంగా కొలిచి, చివర్న ఆలోచించినట్టు రాస్తాడు. చర్చను ముందుకు తేవాలని మెడావర్ సలహా. ఆయన మాటలో పస ఉంది. అయినా ఆ రూపం నిలిచింది, ఎందుకంటే పత్రం రాసినవాడి ఆత్మకథ కోసం ఎవరూ దాన్ని తెరవరు. తిరిగి చేసి చూడాలనుకునేవాడికి, తప్పు పట్టాలనుకునేవాడికి ఆ నాలుగు గదుల్లో ఏది ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

బ్రాకెట్లో పేరు, పక్కన ఏడు

ఉపయుక్త గ్రంథాల వ్యవహారంలోనే పరిశోధక విద్యార్థికి ఎక్కువ నిద్ర కరువు. రచయిత పేరు, ఏడు బ్రాకెట్లో వేసే పద్ధతి 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ మార్క్ పత్రంలో మొదటగా కనబడుతుందంటారు. తోటల్లో పాకే ఒక రకం నత్త గుడ్ల మీద ఆయన రాసిన పెద్ద పత్రం అది. పేజీ అడుగున పాదసూచికలు గుట్టలుగా పేరుకోకుండా, ఎవరు ఎప్పుడన్నారో చదువుతున్నచోటే తెలిసేలా చేశాడు.

1928లో అమెరికాలో మనస్తత్వశాస్త్ర, మానవశాస్త్ర పత్రికల సంపాదకులు కూర్చుని, పత్రం ఎలా సిద్ధం చేయాలో సూచనలు తయారుచేశారు. 1929లో అవి 'సైకలాజికల్ బులెటిన్'లో అచ్చయ్యాయి, మొత్తం ఏడు పేజీలు. ఏపీఏ శైలి అని ఇవాళ పేరుపడ్డది అదే. 2019లో వచ్చిన ఏడో కూర్పు నాలుగు వందల పేజీలు దాటింది.

వైద్య పత్రికలది ఇంకో కథ. ఒక పత్రిక తిప్పి పంపిన పేపర్‌ను మరో పత్రికకు పంపాలంటే ఆ పత్రిక శైలికి మొత్తం మళ్ళీ టైపు కొట్టాల్సిన రోజులవి. 1978 జనవరిలో కొందరు సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కలుసుకుని, అందరికీ ఒకే రూపం ఉంటే సరిపోతుందని తీర్మానించారు. మరుసటి ఏడు నియమాలు వెలువడ్డాయి. వాక్యంలో వరుసగా అంకెలు, చివర్న అదే వరుసలో జాబితా. వాంకూవర్ శైలి అనే పేరు అలా వచ్చింది. పత్రం సిద్ధం చేసేవాడి శ్రమ తగ్గించాలన్నదే ఆ సమావేశానికి మూలం.

టైపు మిషను నుంచి టెక్ దాకా

రెండు పంక్తుల మధ్య డబుల్ స్పేస్, ఒక పక్కే టైపు, చుట్టూ వెడల్పాటి అంచులు: ఇవన్నీ సంపాదకుడి కలం కోసం, అక్షరాలు కూర్చే కంపోజిటర్ కోసం. లెక్కల పత్రమైతే టైపు మిషను మీద లేని గుర్తులను ఖాళీ వదిలి చేత్తో నింపేవారు. సిగ్మా ఏదో ఇ ఏదో కంపోజిటర్‌కు తెలియడానికి పక్కన పెన్సిలుతో రాసేవారు.

1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తన పుస్తకం రెండో సంపుటపు కొత్త కూర్పు ప్రూఫులు చూసి కుంగిపోయాడు. సీసపు అక్షరాల కాలంలో ముచ్చటగా వచ్చిన లెక్కలు ఫోటో టైప్‌సెట్టింగ్‌లో అందవిహీనంగా వచ్చాయి. పుస్తకం రాయడం పక్కన పెట్టి, అచ్చు అక్షరాలు కూర్చే ప్రోగ్రాం తానే రాయడానికి కూర్చున్నాడు. ఏడాదిలో అయిపోతుందనుకున్న పని పదేళ్ళకు పైగా సాగింది. అదే టెక్. దాన్ని అందరికీ ఉచితంగా వదిలేశాడు. సవరించినప్పుడల్లా కూర్పు సంఖ్యకు పై (π) విలువలోని మరో అంకె చేరుస్తూ వస్తున్నాడు. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దాని మీద లేటెక్ కట్టాడు. ఇది శీర్షిక, ఇది సారాంశం, ఇది ఉదాహరణ అని రచయిత గుర్తులు పెడితే చాలు, ఏది ఎలా కనబడాలో జర్నల్ ఫైలు చూసుకుంటుంది. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్‌లో, అచ్చుకు ముందే పత్రాలను అందరికీ అందించే 'ఆర్కైవ్' మొదలుపెట్టగలిగింది భౌతికశాస్త్రజ్ఞుల్లో చాలామంది అప్పటికే టెక్‌లో రాస్తుండబట్టి. మామూలు అక్షరాల ఫైలు కాబట్టి ఈమెయిల్లో పోయేది. ఇప్పుడు ప్రపంచ జర్నళ్ళ అక్షర కూర్పులో పెద్ద భాగం చెన్నై, పుదుచ్చేరి, తిరువనంతపురం లాంటి ఊళ్ళలోని సంస్థల్లో జరుగుతోంది.

కంపోజిటర్ పోయాడు, అతని కోసం పెట్టిన నియమాలు మాత్రం మిగిలాయి. 2019లో 'ప్లోస్ వన్'లో వచ్చిన ఒక సర్వేలో 41 దేశాలకు చెందిన 372 మంది చెప్పినదాన్ని బట్టి, ఒక్కో పేపర్ ఫార్మాటింగ్‌కే మధ్యగతంగా 14 గంటలు పోతున్నాయి. మనిషికి ఏడాదికి 52 గంటలు. ప్రయోగశాలలో ఉండాల్సిన వారానికి పైగా పని గంటలు కామాలు మార్చడానికి ఖర్చవుతున్నాయన్నమాట. కొన్ని పత్రికలు ఇది గ్రహించి, మొదట ఏ రూపంలోనైనా పంపండి, ఆమోదించాక సర్దుకుందాం అంటున్నాయి. మిగతావీ ఆ దారి పట్టాలి. మన దేశంలో 2016 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సమర్పించే ముందు కనీసం ఒక పత్రం అచ్చయి ఉండాలన్న షరతు ఉండేది, 2022లో యూజీసీ దాన్ని ఎత్తేసింది. ఉద్యోగాలకు, పదోన్నతులకు మాత్రం పత్రాల లెక్క కొనసాగుతోంది. ఆ ఒత్తిడిలో అంచులు కొలుచుకునే విద్యార్థికి, పద్ధతి భాగం మరోసారి చదువుకునే తీరిక దొరకడం లేదు.

తెలుగులో రాసే పత్రాలకు ఈ చిక్కు రెండింతలు. సాహిత్యం, చరిత్ర సదస్సుల ఆహ్వానాల్లో పత్రాన్ని ఫలానా డీటీపీ ఫాంటులో, ఫలానా సైజులో పంపమని ఇప్పటికీ అడుగుతుంటారు. ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. పాత ఫాంట్ల తీరు వేరు. కంప్యూటర్ లోపల ఉండేవి రోమన్ కోడ్‌లు, వాటికి పైన తొడిగినవి తెలుగు బొమ్మలు. అచ్చు కాగితం మీద అందంగానే కనబడుతుంది. పీడీఎఫ్‌లోంచి నాలుగు మాటలు కాపీ చేస్తే మాత్రం పొంతన లేని రోమన్ అక్షరాలు వచ్చిపడతాయి. 'యుద్ధమల్లుడు' అని వెతికితే ఆ పత్రం దొరకదు. బాయిల్, ఎపిగ్రాఫియా సంపాదకులు, సుబ్బారావు ఎవరి కోసం అన్ని వివరాలు రాశారో ఆ దూరపు చదువరికి, ఈ ఫాంటు నియమం వల్ల పత్రం ఉందన్న సంగతే తెలియకుండా పోతోంది. తెలుగు విభాగాలు తమ పత్రికల సూచనల పేజీలో ఇవాళే మార్చగల నియమం ఇది: పత్రం యూనికోడ్‌లో పంపండి, సైజు, అంచులు మేం చూసుకుంటాం. ఇప్పటికే అచ్చయిన సంపుటాలను యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు కూడా ఉన్నాయి, ఆ పనికి మనుషులను, గంటలను కేటాయించడమే మిగిలింది.